ఏకగ్రీవం కాదు

చనిపోయే ముందురోజు మా పెద్దమ్మ కనకలత తన బూడిదరంగు కోటుకు ఊడిన గుండీ కుట్టుకుని తలుపు వెనక తగిలించింది. మ్యూనిక్‌లో నలభై ఏళ్లు పిల్లల డాక్టరుగా పనిచేసిన మనిషి. తెలుగు సంఘం సమావేశాలకు ఆ కోటుతోనే వచ్చి మొదటి వరసలో నిటారుగా కూర్చునేది. ఎవరైనా "ఏకగ్రీవం" అంటే చాలు, కాదనడానికి ఆమె చెయ్యి పైకి లేచేది. తెల్లదొరల కాలంలో వాళ్ల జిల్లాలో శాసనసభకు ఉపఎన్నిక వచ్చినప్పుడు, జమీందారు మీద పోటీకి ఎవరూ రాకపోతే బడిపంతులైన ఆమె తాతగారు నిలబడ్డారు. తప్పుకోమని బంధువులంతా కాళ్లావేళ్లా పడినా వినలేదు. పంతొమ్మిది ఓట్లొచ్చాయి. "పంతొమ్మిది మంది ఉన్నారే మనకి" అని బతికినన్నాళ్లూ మీసం దువ్వేవారట.

కిందటేడు సంఘం అధ్యక్షుడు రాకేష్ మళ్లీ తానే ఉంటానన్నాడు. "ఏకగ్రీవమే కదా? ఎస్‌బాన్ రైలుకు టైమైతుంది" అని మైకు పెట్టేయబోతుంటే పెద్దమ్మ లేచింది.

"నేను పోటీ చేస్తున్నాను. చీటీలు పంచు."

"ఈ వయసుల మీకెందుకు ఆంటీ?"

"ఓడిపోవడానికి బాబూ. ఓడేవాళ్లు లేకపోతే దాన్ని ఎన్నిక అనరు."

లెక్కపెడితే ఆమెకు వచ్చినవి రెండు ఓట్లు. "ఒకటి నాది, ఇంకోటి నీదేగా పెద్దమ్మా" అని ఆటపట్టించాను. ఆమె నవ్వి, "ఇద్దరున్నారు" అంది, అంతే.

అంత్యక్రియలయ్యాక ఆ కోటు జేబులో మడతపెట్టిన చీటీ ఒకటి దొరికింది. సంఘం ముద్ర ఉంది, పేరు రాయలేదు. ఆ రోజు పెద్దమ్మ ఓటే వేయలేదు. ఆ రెండో ఓటు ఇంకెవరిదో.