గుడికని రాస్తే కుడికి

మా అక్కను సిలోనులో తేయాకు తోట గుమాస్తాకు ఇచ్చారు. మా ఊరు రాజపాళయానికి ఆమె ఉత్తరం వస్తే చదవడం మా అన్న పని, కవరు మీది స్టాంపు నాది. నీళ్ళలో నానబెట్టి ఊడదీసి, ఆరాక అన్నం మెతుకుతో కాగితానికి అంటించి, ఆ బొమ్మలో తరవాత ఏం జరిగిందో కింద రాసేదాన్ని. రబ్బరు పాలు పట్టేవాడు చిప్ప నిండేలోపలే కునుకు తీశాడు. ప్రతి బొమ్మకూ ఒక మూల ఇంగ్లీషు రాజుగారి తల ఉండేది. మొండెం ఎక్కడ పెట్టి మరిచాడోనని ఆయన మీదా ఒకటి రాశాను.

ఈ రాతలన్నీ అరవంలోనే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్పింది అరవం. ఉత్తరాలూ అందులోనే.

ఒకసారి అక్క తేయాకు కోసే ఆమె బొమ్మ స్టాంపు అంటించి పంపింది. ఈమె కథ నాకే రాసి పంపు, ఇక్కడ మన మాట వినబడక చెవులు వాచిపోయాయి అని రాసింది. అక్కతో నేను పుట్టి బుద్ధెరిగి అరవం మాట్లాడలేదు. అందుకని మన మాటనే అరవ అక్షరాల్లో పెట్టాను. పొద్దు వాలాక ఆమె గంప దించి గుడికి పోయి, మా ఊరు ఏ దిక్కున ఉందని స్వామిని అడుగుతుంది. అక్క కోసమే అల్లిన కథ అది.

అరవంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. మాట మొదట వస్తే క అనే చదువుతారు. పోస్టులో వేసే ముందు అన్న అందరికీ వినిపించాడు. గుడి కాస్తా కుడి అయి కూర్చుంది. అరవంలో కుడి అంటే తాగుడు.

"ఏమే, నీ ఆమె కుడికి పోయినాదా? పోనీలే పాపం, పొద్దంతా పని చేసినాది గదా," అన్నాడు. అమ్మ కూడా నవ్వింది.

"గుడి అన్నా, గుడి."

"మరి గుడి అనే రాయి."

ఎట్లా రాసేది? అక్షరం మీద చుక్క పెట్టి చూశాను. అరవంలో చుక్క పెడితే అది పొల్లు అవుతుంది. "గుడిని అరవంలో కోవిల్ అంటారు గదా, అట్లా రాస్తే సరి," అన్నాడు అన్న. ఒళ్ళు మండిపోయింది. కాగితం లాక్కున్నాను, పంపలేదు. కథ ఏమైందని అక్క అడిగినప్పుడల్లా ఏడుపు వచ్చేది.

కొన్నేళ్ళకు మా వీధిలోకి నెల్లూరు వైపు నుంచి ఒకామె కాపురం వచ్చింది. నేను 'పోయినాది' అన్నప్పుడల్లా ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వులన్నీ భరించి ఆమె దగ్గరే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. యుద్ధం రోజులు, కాగితానికి కరువు. ఉన్న ఒక్క మంచి కాగితం మీద ఆ కథ మళ్ళీ రాశాను. గుడి గుడిలాగే ఉంది, గంప గంపలాగే ఉంది. అన్నకు చూపించకుండా పోస్టులో వేశాను. చూపించినా చదవలేడు కదా అని లోపల పొగరు కూడా.

జవాబు రావడానికి చాలా కాలం పట్టింది. ఎప్పటిలాగే అరవంలో ఉంది.

"ఏం పంపినావే? జాంగిరి పిండినట్టు ఉంది, ఒక అక్షరమూ తెలియలేదు. చదివి చెప్పేదానికి ఇక్కడ ఎవరున్నారు? మన అక్షరాల్లో రాయి."