గుట్ట మీది బంగారు గీతలు

గుట్టల బంగారం ఉన్నదన్న ముచ్చట నాకు మొట్టమొదలు తెచ్చింది మా ఇంటి బట్టలుతికే చాకలవ్వ. నయా పైసలు కొత్తగా వచ్చి, అంగట్ల అందరూ లెక్కలు రాక తిప్పలు పడుతున్న రోజులవి. నేను కాపురానికొచ్చి ఇంకా ఊరు అలవాటు కాలేదు. ఆమె మూట దించి, చెంగుతో మొఖం తుడుచుకొని, "చిన్నమ్మా, ఇన్నవా? మన గుట్టరాళ్లల్ల బంగారమున్నదంట. పట్నం కాంచి సేటు దిగిండు. ఇగ బట్టలు ఉతుకుడేంది, ఒక్కసారి కట్టి పారేసుడే!" అని నవ్వింది. నేనూ నవ్విన. ఆ తర్వాత మా ఇంట్ల చానా రోజులు ఎవరూ నవ్వలేదు.

మాది అచ్చంపేట అవతల, నల్లమల అంచున ఉన్న చిన్న ఊరు. బస్సు దిగినంక సగం దినం నడవాలె. ఊరి వెనుక గుట్ట, గుట్ట మీద నిలువుగా ఒక నల్లరాతి చరియ. దాంట్ల తెల్లని పలుగురాయి చారలు, ఆ చారల పొంటి చిలుకపచ్చ మరకలు. ఆ చరియనే మా అమ్మవారు. గుడి లేదు, బొమ్మ లేదు. పసుపు, కుంకుమ, దీపానికి ఒక గూడు, అంతే.

ఊర్లె ఎవరి పెండ్లయినా, అవుసులాయన పుస్తె చేసిచ్చినంక దాన్ని ముందుగాల గుట్ట ఎక్కించేటోళ్లు. పుస్తె అంచుతో చరియ మీద ఒక్క గీత గీసి, అప్పుడు కిందికి తెచ్చి పిల్ల మెడల కట్టాలె. దాన్ని 'అమ్మవాటా' అనేటోళ్లు. ఆ గీత గీసే చెయ్యి మా అత్తది. అంతకు ముందు వాళ్ల అత్తది. మా మామ నేను రాకముందే పోయిండు. ముండమోసిన చెయ్యి అని మాత్రం ఎవరూ అనలేదు. మా అమ్మవారికి గట్ల పట్టింపు లేదని ఊరంతా ఒప్పుకున్న మాట. నా పుస్తెతో గీసేటప్పుడు అత్త, "తల్లీ, నీ వాటా నీకిచ్చినం. దీని వాటా దీనికియ్యి" అని మొక్కింది. అంత చిన్న మొక్కు నేను మళ్ల ఎక్కడా వినలేదు.

మా పుట్టినూర్ల బడి లేకుండె. మా నాయిన తవుడు పోసిన పళ్లెంల వేలు పట్టి అక్షరాలు దిద్దించిండు. ఆయన పుణ్యాననే ఈ నాలుగు ముక్కలు రాస్తున్న. అత్తకు అక్షరం రాదు. పొద్దున దీపం పెట్టినంక నేను కీర్తన చదివితే, పక్కన కూసోని విని, మర్నాటికి నాకంటే మంచిగా పాడేది.

సేటు నిజానికి రాగి కోసం వచ్చిండు. ఆ చిలుకపచ్చ మరకలు రాగికి గుర్తంట. ఆయన మనుషులు సుత్తెలతో చరియను కొట్టి, ఆ పెళ్లలు గోనెసంచుల్ల నింపి పట్నం పంపిండ్రు. పరీక్ష చేస్తే రాగితోటి బంగారం కూడా తేలింది. తేలక ఏమైతది? ఎన్ని తరాల పుస్తెలు అరగదీసినం ఆ రాయికి! ఈ సంగతి తెలువని ఇల్లు మా ఊర్లె లేదు. అయినా ఒక్కరు నోరు విప్పలేదు. కూలి పోతదని ఊకున్నరని మొదలు అనుకున్న. తర్వాత తెలిసింది, వాళ్లు నిజంగానే నమ్మిండ్రు. ఊరి పెద్ద పటేలు తన అరుగు మీద కూసోని అన్న మాట నేను చెవులార విన్న.

"ఇత్తు పెడితే చెట్టయితలేదా? మన పెద్దలు పెట్టిన గీతలకు అమ్మ ఏర్లు తొడిగింది. లోపల తీగలు పారి ఉంటయి, చూడుండ్రి."

ఇత్తులేసే మిరుగు కార్తె వానలు పడ్డయి. జొన్న ఏసేటోడు లేడు, ఆముదాలు పెట్టేటోడు లేడు. నాగళ్లు చూరు కింద, మంది గుట్ట మీద. మా ఇంటాయనకు బావుల రాయి పగలగొట్టే పని ఒచ్చు కాబట్టి ఆయనను మేస్త్రిని చేసిండ్రు. తలకు కొత్త రుమాలు కూడా చుట్టుకున్నడు.

ఒకనాడు అత్త ముంతెడు చల్ల పట్టుకొని సేటు డేరా కాడికి బయలెల్లింది. ఎనుక నేనున్న. పటేలు అక్కడనే కుర్చీల కూసున్నడు. సేటు చల్ల తాగినంక అత్త అన్నది:

"సేటూ, అది గుట్ట బంగారం కాదు బిడ్డా. మా పుస్తెలది. గీ చేతులతోనే గీసిన."

"మీ పుస్తెలు గంత పెద్దయా అమ్మా? గుట్ట నిండినయా?" అని సేటు నవ్విండు.

"మీద మీదనే ఉన్నది, లోపల లేదు. మా మంది ఇత్తులిడిచిపెట్టి నీ ఎంట తిరుగుతుండ్రు. మిరుగు పోతే మళ్ల ఒస్తదా? జర వాళ్లను చేన్లకు పంపియ్యి."

పటేలు కుర్చీల నుంచి లేచిండు. "నీ నోట్ల మన్నుపడ! అమ్మ ఇస్తాంటే లేదంటవా ముసల్దానా? అలిగి జరిగిపోతది!"

మా దిక్కు ఆ నమ్మకం ఉన్నది. భూమిల ధనం ఉన్నకాడ 'లేదు' అన్న మాట అనొద్దు. ఆ మాట దాని చెవుల పడితే ఇంకో జాగాకు కదిలిపోతదంట.

ఇంటికొచ్చినంక మా ఇంటాయన, "నా పని పోగొడతవా ఏందే అమ్మా?" అని ఎగిరిండు.

"నీ పనికేమాయె కొడుకా. నీ చేను బీడు పోతాంది, అది చూడు."

ఆయన కంచం ముందరి కాంచి లేచిపోయిండు.

ఇచ్చేది అమ్మనే గద అని మొక్కి, చరియను తోటాలు పెట్టి పేల్చిండ్రు. దాని కింద లోతుగా కందకం తవ్విండ్రు. లోపలి రాళ్లు మళ్ల పట్నం పోయినయి. ఈసారి బంగారం చుక్క లేదు. రాగి ఉన్నదట గానీ, ఆ కొండల్ల బాట ఏసుకొని తవ్వేటంత లేదట. సేటును తప్పు పట్టను. ఆయన కూలి ముట్టజెప్పి, డేరాలు మడిచి, అందరి ముందల ఉన్నమాట చెప్పిండు. పోతా పోతా జీపుల కూసోని, "పటేలా, ఆ ముసలమ్మ చెప్పిందే నిజమైంది సుమా" అని నవ్విండు. ఆయన మెచ్చుకున్నాననుకున్నడు. ఆ మెప్పు మా ఇంటి మీద పిడుగై పడ్డది.

చేన్లు బీడు. గుమ్ముల్ల గింజ లేదు. చలికాలానికి ఊరు గంజి మీదికొచ్చింది. ఆకలైన ఊరికి తిట్టడానికి ఒక మొఖం కావాలె గద. "లేదన్నది, పోగొట్టింది" అన్నరు మొదలు. తర్వాత పటేలు లేగదూడ సచ్చింది. ఎవరింట్లనో పసిపిల్లకు మూర్ఛ వచ్చింది. అప్పుడు 'బాణామతి' అన్న మాట పుట్టింది. మా అత్త చేతబడి చేసి బంగారాన్ని తోలేసిందట. అన్నేండ్లు లేనిది, అప్పుడు ఆమె చెయ్యి ముండమోసిన చెయ్యి అయింది.

పట్టపగలే వచ్చిండ్రు. ఎవరి పెండ్లాల పుస్తెలకు ఆమె అమ్మవాటా తీసిందో వాళ్లే. బాణామతి చేసేటోళ్ల పండ్లు రాలగొడితే ఇక మంత్రం పలకదని వాళ్ల నమ్మకం. మా ఇంటాయనను ఇద్దరు పట్టుకున్నరు. పట్టుకోకున్నా ఆయన కదిలేటోడా? ఆ అనుమానం నన్ను ఇప్పటికీ ఇడువలేదు. నేను అత్త మీద పడితే కొప్పు పట్టి ఇవతలికి గుంజిండ్రు. ఆమె ముందటి పండ్లు రాయితో కొట్టిండ్రు. అది అయినంతసేపు వాడకట్టుల తలుపులు ఒకటెనుక ఒకటి మూసుకునుడు వినపడ్డది.

చాకలవ్వ ఒక్కతే పసుపు, ఉడుకునీళ్లు పట్టుకొని ఉరికొచ్చింది. "నీ బాంచెన్ తల్లీ, జర నోరు తెరువు" అని ఏడ్చుకుంట కడిగింది. ఆమెకు నేను ఏమిచ్చినా తక్కువే.

మర్నాడు అత్త దీపం పెట్టి, "సదువు బిడ్డా" అన్నది. నేను చదివిన. ఆమె ఎంబడి పాడబోతే పండ్ల సందుల గాలి పోయింది. నాకు దుఃఖమాగక సదువుడు ఆపిన.

"ఎందుకాగినవే? పండ్లు రాని పిల్లల మాట తల్లికి తెలుస్తలేదా? నా మాట అమ్మకు తెలుస్తది, నువ్వు సదువు."

ఆ తర్వాత ఏడెనిమిదేండ్లు ఆమె అట్లనే పాడింది. ఊరు మాకు నిప్పు ఇయ్యలేదు, పెండ్లికి పిలువలేదు. ఆమె ఎవరినీ శపించలేదు. పోయిననాడు పాడె మోసింది కొడుకు, చాకలవ్వ ఇంటోళ్లు. పది దినాలు కాకముందే వాడకట్టు ఆడోళ్లు వచ్చి మా అరుగు మీద కూసోని, "మంచి మనిషి ఉండె" అన్నరు. ఆ మాట అననీకి వాళ్ల నోట్ల పండ్లన్నీ ఉన్నయి.

ఆమెకు కోడలినైనందుకు రోజూ దేవునికి దండం పెట్టుకుంట. అక్షరాలిచ్చిన నాయినకు పెట్టుకుంట. ఆ ఊరిని క్షమించే మనసు మాత్రం దేవుడు నాకు ఇంకా ఇయ్యలేదు. అడుగుతనే ఉన్న.

సదివినోళ్లను ఒక్కటి వేడుకుంటున్న. మీ ఇంట్ల దీపం పెట్టుకునేటప్పుడు, ఊరి కడుపు కోసం ఉన్నమాట చెప్పిన మా అత్తను ఒక్కసారి యాది చేసుకోండ్రి.