రుబెల్‌ను ఆదివారం దాకా ఉంచండి

మా టెన్నెసీ ఊళ్లోని చిన్న లీగ్ బేస్‌బాల్ జట్టుకు నా భర్త వెర్లిన్ ఫీల్డింగ్ నేర్పేవారు. ఆ వేసవిలో జట్టు ఓడుతూనే ఉంది. రెండో, మూడో బేస్‌ల మధ్య షార్ట్‌స్టాప్‌గా నిలబడే రుబెల్ బంతిని చక్కగా ఆపేవాడు కానీ, విసిరితే మొదటి బేస్ దాటి జనంలో పడేది.

"వెర్లిన్ మాస్టారూ, మీవాడు నా కాఫీ మీద పగబట్టాడండీ," అని గ్యాలరీలోంచి ఎవరో ఒకరు అరిచేవారు.

విసిరే దూరం తక్కువని రుబెల్‌ను రెండో బేస్‌కు మార్చేస్తానన్నాడు మేనేజర్.

"ఆదివారం దాకా ఉంచండి. గెలవడం పెద్ద లీగ్ వాళ్ల పని. మన పని వాళ్ల కోసం ఆటగాణ్ని తయారుచేయడం," అన్నారు వెర్లిన్.

పొద్దున్నే రుబెల్ చేతికి అట్టులా చదునైన తొడుగు తగిలించి నేలబారు బంతులు కొట్టేవారు. దాంతో ఒంటిచేత్తో పట్టడం కుదరదు, రెండో చెయ్యీ వెయ్యాల్సిందే. "విసరడానికి అంత తొందరేంట్రా, ముందు కాళ్లు సర్దుకో," అనేవారు. గొంతు మాత్రం ఎన్నడూ పెంచలేదు.

ఆదివారం ఆట చివర్లో బంతి రుబెల్ వైపు దూసుకొచ్చింది. రెండు చేతులా అందుకుని, కాళ్లు సర్దుకుని విసిరాడు. అది సూటిగా మొదటి బేస్ ఆటగాడి తొడుగులో పడింది.

ఇంటికొచ్చాక ఏమైందని అడిగాను.

"ఓడిపోయాం. వాణ్ని మార్చరట," అని నవ్వి, మొక్కజొన్న రొట్టె ఇంకో ముక్క పెట్టించుకున్నారు.

ఆ చలికాలమే ఆయన పోయారు. రుబెల్ ఇప్పటికీ షార్ట్‌స్టాప్‌గానే ఆడుతున్నాడు.