నాయన, నాలుగు బ్యాండ్లు, ఒక సంగటి ముద్ద

పలమనేరు దగ్గర ఆవులు పెట్టుకుని బతికే మా నాయన ఒకరోజు పొద్దున పాలు పితుకుతూ రక్తం కక్కుకున్నాడు. తిరుపతికి తీసుకొచ్చాం. కాలేయం గట్టిపడి, అన్నవాహికలో నరాలు ఉబ్బి, ఒకటి చిట్లిందన్నారు. నోట్లోంచి కెమెరా గొట్టం పంపి ఆ నరాలకు బుల్లి రబ్బరు బ్యాండ్లు బిగించారు. నాలుగు పట్టాయి. కొత్తిమీర కట్టకు ఏసినట్టు ఏసినారని నాయన వార్డంతా చెప్పుకున్నాడు.

ఇంటికి పంపుతూ డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఆ బ్యాండ్లు పదిరోజుల్లో వాటంతటవే రాలిపోతాయట. అందాకా వేడివి వద్దు, నమిలే పనిలేనివే పెట్టాలి. అక్కడ రాసుకుంటే మళ్లీ రక్తం పడుతుంది, ఈసారి మనిషి దక్కడం కష్టం.

తిరుపతిలో నా అద్దె ఇంట్లోనే ఉంచుకున్నాను. మూడు రోజులు జావ తాగాడు. నాలుగోరోజు గ్లాసు పక్కకు నెట్టేసి రాగిసంగటి కావాలన్నాడు. నమిలేవి వద్దన్నారు కదా అన్నాను.

"సంగటిని ఎవురన్నా నములుతారామ్మా?"

నిజమే కదా అనిపించింది. మా వైపు సంగటి నమిలేవాణ్ణి చూసి నవ్వుతారు. ముద్ద తుంచి, పప్పులో ముంచి, మింగడమే. నా బుద్ధి గడ్డి తిని, చేసిపెట్టాను. వేడి వద్దన్నారు కదా అని ఫ్యాను కింద పెట్టి మరీ చల్లార్చాను. చల్లారిన సంగటి రాయి అవుతుందని పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ పూట గుర్తురాలేదు.

రెండో ముద్దకే నాయన ఎదురొమ్ము పట్టుకున్నాడు. ఉమ్మితే ఎర్రగా పడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆటో ఎక్కించి ఆసుపత్రికి పరుగెత్తాను. మళ్లీ గొట్టం వేసి చూస్తే ఒక బ్యాండు జారిపోయి ఉంది. ఇంకొకటి బిగించారు. గండం గడిచింది.

సాయంత్రం డాక్టరు మంచం దగ్గరికి వచ్చి ఏం పెట్టారని నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయన లేచి కూర్చున్నాడు.

"నేనే సంగటి కెలుక్కోని తినినా సార్. పాప ఇంట్లో లేదు."

పుట్టి బుద్ధెరిగాక పొయ్యి ముట్టించిన మనిషి కాదు. తెడ్డు ఎలా పట్టాలో కూడా తెలియదు. డాక్టరు అయిదు నిమిషాలు చెడామడా తిట్టాడు. నాయన చేతులు కట్టుకుని, తప్పయిపోయినాదని తలాడించాడు. నేను పక్కనే నిలబడి అంతా విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను కానీ, నేనే పెట్టానని ఒక్క మాట చెప్పలేకపోయాను.