మా బ్లాకులో చివరి మనిషి

నవంబరు నెల, మొదటి శనివారం సాయంత్రం. స్థలం: మా బి బ్లాకు కింద, సెల్లారు పక్కనున్న గది. హాజరైనవారు: బ్లాకు కెప్టెన్, మూడో అంతస్తులో ఉండే యోగా టీచరు, ఐదో అంతస్తు పెద్దాయన, ఆయన భార్య, మరునాటి పోటీకి పేర్లు రాసుకొని, సమయం చూసే బాధ్యత ఉన్న నేను. మిగిలినవారు వస్తామన్నారు, రాలేదు.

కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్లు మూడు బ్లాకులు. ఎదురుగా ఉన్న కూరగాయల దుకాణానికి కూడా కారు తీసే జనం. వాళ్లను ఎలాగైనా నడిపించాలని అసోసియేషన్ ఆ ఏడాది బ్లాకుల మధ్య నడక పోటీ పెట్టింది. ప్రహరీ లోపలి రోడ్డు మీద ఒక పూర్తి చుట్టు. పేరిచ్చినవాళ్లలో చివరి మనిషి గేటు దగ్గరికి చేరినప్పుడే ఆ బ్లాకు సమయం ఆగుతుంది. గబగబా నడిచేవాళ్లు వెనకబడ్డవాళ్లను చెయ్యి పట్టుకొని తీసుకొస్తారని ఆ నిబంధన పెట్టాం. మా బ్లాకులో చివరి మనిషి ఎవరో పోటీకి ముందే అందరికీ తెలిసిపోయింది.

పెద్దాయనది ఈ ఊరే. అపార్ట్‌మెంట్లు లేచిన నేల ఒకప్పుడు వాళ్లది. బిల్డరుకు ఇచ్చి, తన వాటాకు వచ్చిన ఫ్లాట్లలో ఒకదానిలో ఉంటున్నాడు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. రోజూ నడవకపోతే కాలు పూర్తిగా బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. కానీ నలుగురి ముందు కాలు ఈడ్చడానికి ఆయన ఒప్పుకోలేదు. మధ్యాహ్నం పూట, కార్లన్నీ ఆఫీసులకు పోయాక, భార్య ఆయన్ని సెల్లారులో తిప్పేది. ట్యూబులైటు వెలుతురులో, స్తంభం నుంచి స్తంభానికి. నెలల తరబడి అలాగే నడిచాడు. అలాంటి మనిషి తనంతట తాను పోటీకి పేరిస్తానన్నాడు. రాయించడానికి ఆమె నా దగ్గరికి వచ్చింది.

"గిది నడిస్తె ఇగ రోజు బయటనే నడుస్తనంటున్నడు సార్. గీ ఒక్కటి నడవనియ్యుండ్రి, మల్ల నాకు ఫికరే లేదు" అంది.

ఆ శనివారం సమావేశం ఆ పేరు గురించే.

కెప్టెన్ నలభై దాటని మనిషి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. గోదావరి వైపువాడు. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడటం ఉద్యోగంలో బాగా అలవాటైనవాడు.

"బాబాయిగారూ, మీకు స్పెషల్ రోల్ అనుకున్నామండి. రేపు పోటీ మొదలుపెట్టేది మీరే. గేటు దగ్గర కుర్చీ వేయిస్తాం. మీరు విజిల్ ఊదాలి."

"ఊదినంక నడువాల్నా?"

"ఊదడం వరకేనండి. నడక సంగతి మేం చూసుకుంటాం."

"మీరు నడిస్తె నా కాలు వంగుతదా బిడ్డా?"

యోగా టీచరు నవ్వేసింది. "అంకుల్‌తో మాటల్లో గెలవలేమండీ."

ఆయన భార్య నవ్వలేదు. నావైపు తిరిగి, "పేరు రాసుకున్నరు గద సార్" అంది. జవాబు కెప్టెనే చెప్పాడు.

"రాశారమ్మా. కానీ రూలు మీకు తెలిసిందే కదండీ. మనవాళ్లంతా పొద్దున్నే లేచి ప్రాక్టీసు చేశారు. చివర్లో ఇలా అయితే పిల్లలు డిజప్పాయింట్ అవుతారు."

"ఈయన చెయ్యలేదా ప్రాక్టీసు?"

"సెల్లారులో కదమ్మా. బయట ఎండ. ఏదన్నా అయితే మాట మా మీదకొస్తుందండి. మీ మంచికే చెబుతున్నాం."

పెద్దాయన గోడకేసి చూస్తూ అన్నాడు. "గీ జాగల నా బర్రెలను గూడ ఎవ్వడు అడ్డుకోలె. గాని బర్రెలు నాకన్న ఉషారుగ నడిచేటియి, గదీ నిజమే."

గదిలో అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. ఆ నవ్వునే ఒప్పుకోలుగా తీసుకొని కెప్టెన్ చేతులెత్తమన్నాడు. యోగా టీచరు ఎత్తింది, నేనూ ఎత్తాను. పేరు కొట్టేశాం.

లిఫ్టు దగ్గర ఆమె ఆయనతో అంటున్నది వినిపించింది. "వాల్ల రూలు వాల్లకు. నువ్వు ఊది నడువు. పేరు లేకుంటె కాల్లు లేవా?"

"సూద్దాం తియ్" అన్నాడాయన.

మరునాడు పొద్దున కుర్చీలో కూర్చుని విజిల్ ఊదాడు. గుంపు కదిలిపోయాక కర్ర అందుకొని లేచాడు. భార్య పక్కన నడవబోతే, "నువ్వు ఈడ్నే ఉండు. చెయ్యి వట్టుకుంటె అది నడక గాదు" అని ఒక్కడే బయలుదేరాడు.

మా బ్లాకు గెలిచింది. గేటు దగ్గర చప్పట్లు, ఈలలు. పెద్దాయన అప్పటికింకా వెనక బ్లాకు దగ్గరున్నాడు. పోటీ అయిపోయింది గనుక సెక్యూరిటీవాళ్లు రోడ్డుకు అడ్డం కట్టిన తాళ్లు విప్పి కార్లను వదిలారు. ఒక కారు ఆయన వెనక హారన్ కొట్టింది. ఆయన అంచుకు జరిగి, కారు పోయాక మళ్లీ కదిలాడు.

టిఫిన్లు వచ్చేశాయి. ఫోటో తీసుకున్నాకే తినాలని కెప్టెన్ అన్నాడు. విజిల్ ఊదిన పెద్దాయన లేకుండా ఫోటో బాగుండదని, సామాన్లు మోసే బ్యాటరీ బండిని ఇద్దరు కుర్రాళ్లకిచ్చి పంపాడు.

అప్పటికే ఆయన మలుపు తిరిగి, పిల్లల ఇసుక తొట్టి దాటి, గేటుకు దాదాపు వచ్చేశాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. కాలు ఈడుస్తున్నాడు, కానీ ఆగడం లేదు.

"జర ఆగుండ్రి, వచ్చేసిండు" అంటూ ఆమె బండికి అడ్డం వెళ్లింది.

"అందరూ ఆకలితో ఉన్నారమ్మా. పాపం, ఆయనా అలిసిపోయారు" అన్నాడు కెప్టెన్.

"తాతా, వీఐపీ సీటు నీకే" అంటూ కుర్రాళ్లు రెండు చంకల కింద చేతులు వేశారు. "ఒద్దుర, ఒద్దుర" అన్నాడాయన. మొహమాటపడుతున్నాడనుకున్నారు. ఎత్తి కూర్చోబెట్టారు. కర్ర రోడ్డు మీద పడింది. బండిని గేటు దగ్గరికి తెచ్చి, ఆయన చుట్టూ నిలబడి ఫోటో తీసుకున్నాం. ఒకరు ఆయన మెడలో మెడల్ కూడా వేశారు.

అందరూ టిఫిన్ల వైపు వెళ్లాక ఆమె బండి దగ్గరికి వచ్చింది. "దిగు. మల్ల గాడికి పోయి, గా కొంచెం నడిచొద్దాం."

ఆయన ఆమె వైపు చూడలేదు. "ఎత్తినోల్లనే ఇంటి దాంక తీస్కపొమ్మను. ఇగ నేను నడవ."

"ముందే చెప్తే అయిపోయేది కద తాతా" అన్నాడు బండి నడిపే కుర్రాడు సంతోషంగా. బండి లిఫ్టు వైపు తిరిగింది. ఆమె రోడ్డు మీద పడిన కర్ర తీసుకొని వెనకాల నడిచింది.