ఆవులప్ప ఇంట్లో సొన్నప్ప నేల

మా తాత ఆవులప్పకు లోకంలో ఎవరి మీదా కోపం ఉండేది కాదు. అసూయ మాత్రం ఉండేది, అదీ మేస్త్రీల మీద ఒక్కటే. సిటీ బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, ఇతరులు కట్టిన గోడలకు దారి పొడుగునా వంకలు పెట్టుకుంటూ పోయేవాడు. "ఆ మూల చూడు, రవ్వంత ఉబ్బి కడుపొచ్చింది" అనేవాడు. ఏ వంకా దొరకని గోడ ఎదురైతే ముఖం తిప్పేసుకుని చేతిలో టికెట్టు చదువుకునేవాడు. చదువు రాకపోయినా చదువుకునేవాడు.

మడకశిర పక్క పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు ఇసుక మోయడానికి బెంగళూరు వచ్చి, మెల్లగా తాపీ పట్టి, మేస్త్రీ అయ్యాడు. కొత్తింట్లో పాలు పొంగించే రోజున ఇంటివాళ్ళు మేస్త్రీని పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పంచె, తువ్వాల ఇవ్వడం ఆనవాయితీ. అట్లా వచ్చిన పంచెలు ఆయనకు ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. ఒక్కటీ కట్టలేదు. ఎండాకాలంలో అన్నీ బయటికి తీసి, ఏది ఏ ఇంటిదో చెప్పి మళ్ళీ మడతపెట్టేవాడు. చెప్పడం అయ్యాక ఒక నిట్టూర్పు. అవన్నీ ఊరివాళ్ళ ఇళ్ళవి. తన సొంత ఇంటికి తానే మేస్త్రీగా పీట మీద కూర్చుని, నలుగురి ముందు బట్టలు పెట్టించుకోవాలి. ఆయన కోరుకున్నది అదొక్కటే.

1997లో ఆ దారి కనపడింది. బెంగళూరు శివారు మహదేవపురలో అప్పటికి అద్దాల మేడలు లేవు. అశ్వత్థప్ప అనే రిటైరైన రైల్వే గుమాస్తా మైసూరులో కూతురి దగ్గరికి పోతూ తన పాత పెంకుటిల్లు తాతకు అమ్మాడు. ద్వారబంధాలకు చెదలు, గోడలకు వానచారలు, అటకలో గబ్బిలాలు. ఇవన్నీ చూసి అవ్వ ఎల్లమ్మ తల పట్టుకుంటే తాత చేతులు రుద్దుకున్నాడు. ఇల్లు ఎంత పాడుగా ఉంటే మేస్త్రీకి అంత పేరు.

నాలుగు నెలలు బయటి పనులకు పోలేదు. పాత సున్నం రాల్చి కొత్త పూత పూశాడు. పడసాల మధ్యలో ఎవరూ అడగని ఒక ఆర్చీ కట్టాడు. వీధి ప్రహరీ మీద సిమెంటుతో రెండు హంసలు చేశాడు. అవి కాస్త కోళ్ళలా వచ్చాయి, కానీ ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. ఇక మిగిలింది నేల. అశ్వత్థప్ప కాలంనాటి రాగుల మూటల మురికి, దాని మీద తాత పూతపని రాలిన సిమెంటు చుక్కలు, అంతా కలిసి అది ఏ రంగో కూడా తెలిసేది కాదు. దాన్ని పగలగొట్టి మొజాయిక్ వేయాలని తాత లెక్క.

అవ్వ ఆగలేదు. పగలగొట్టేలోపల వండుకోవడానికైనా శుభ్రంగా ఉండాలని కొబ్బరిచిప్పతో ఆ చుక్కలు గీకి, నీళ్ళు కొట్టి, కొబ్బరినూనె గుడ్డతో తుడిచింది. నాలుగో రోజుకు పడసాల నేల పండుమిరపకాయ రంగులో తేలింది. రెడ్ ఆక్సైడ్ నేల. సిమెంటులో ఎర్రపొడి కలిపి, తాపీతో రుద్ది రుద్ది నునుపు తేల్చే పాతకాలపు పని. అందులో తాత కట్టిన ఆర్చీ తలకిందులుగా కనపడింది. నిజం చెప్పాలంటే గోడకున్నదానికంటే నేలలో ఉన్నదే బాగుంది.

"చూడయ్యా, ఎట్లా ఉండాదో! దీన్ని పగలగొడతావా నువ్వు?" అంది అవ్వ.

"పాతది అది. ఎప్పుడో బీటలిస్తాది."

"ముప్పై ఏండ్లుగా ఇయ్యనిది నీకోసం ఇస్తాదా?"

అప్పటి నుంచి తాతకు నిద్ర సరిగా పట్టలేదు. ఇంటికి వచ్చినవాళ్ళంతా కిందికే చూసేవారు. పక్కింటి రాచెల్ టీచరమ్మ గుంటూరు వైపు మనిషి. ఆమె గుమ్మంలో చెప్పులు విప్పి అడుగుపెడుతూనే, "అబ్బ! ఈ నేల ఎవరు వేశారండీ? అద్దంలా ఉంది" అంది.

"గోడ చూడమ్మా, గోడ. ఈ కొన నుంచి ఆ కొనకి దారం పట్టు, వెంట్రుకవాసి తేడా ఉండదు" అన్నాడు తాత.

ఆమె మర్యాదగా గోడ చూసింది. "రంగు బాగుందండీ" అంది. మళ్ళీ నేల చూసింది.

కొడుకు హరి కూడా ఫ్రెండ్లను తెచ్చి నేల మీద కూర్చోబెట్టేవాడు. "నాయనా, ఫ్యాను అక్కరలేదు, ఎంత చల్లగుందో" అనేవాడు. గోడ చల్లగా ఉందని ఎవరన్నా అంటారా?

తాత ఆ నేలలో తప్పు వెతకడం మొదలుపెట్టాడు. రసమట్టం పెట్టి ఎత్తుపల్లాలు చూశాడు. గోలీ వదిలి చూశాడు. బిందెడు నీళ్ళు గుమ్మరించి చూశాడు, నీళ్ళు ఎక్కడా నిలవకుండా బుద్ధిగా తూము దారి పట్టాయి. చివరికి బోర్లా పడుకుని, నేలకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. అదే సమయానికి అవ్వ వంటింట్లోంచి వచ్చింది.

"ఏమయ్యా, దాన్తో కాపురం చేస్తావా ఏంది?"

తప్పు దొరకలేదు. దొరకనందుకు ఇంకా మండింది. "అదేం బ్రహ్మవిద్యా?" అనుకుని, వెనక రూములో తానే అట్లాంటి నేల వేయడానికి దిగాడు. ఎవరినీ లోపలికి రానివ్వలేదు. పొద్దున మొదలుపెట్టి, గోడపూత పూసే వేగంతోనే సాయంత్రానికి ముగించాడు. జీవితమంతా ఆయన నేర్చిన పని అదే, పూసి దిగిపోవడం. వారం తరువాత చూస్తే ఒకచోట ఎరుపు, ఒకచోట గులాబి, మధ్యలో తెల్లమచ్చలు. పొడి మంచిది కాదన్నాడు, సిమెంటు పాతదన్నాడు, ఎండ ఎక్కువన్నాడు. ఆ తరువాత దాని మీద ఈతచాప పరిచి, "ఈ రూముకి ఎవరూ పోవద్దు, తడి ఆరలేదు" అన్నాడు. ఆ తడి నెల రోజులు ఆరలేదు.

పాలు పొంగించడానికి పూజారి ముహూర్తం పెట్టాడు. ఆ రోజే అవ్వ బాంబు వేసినంత పని చేసింది.

"మేస్త్రీ బట్టలు ఆ నేల వేసినాయప్పకు పెడదామయ్యా. రాచెలమ్మ ఇంటి ఫోన్లో అశ్వత్థప్పను అడిగినా. సొన్నప్పంట, ఆనేకల్‌లో ఉండాడంట."

తాత తింటున్న కంచం పక్కకు నెట్టాడు. "నా ఇంటికి మేస్త్రీ నేను!"

"నీకు పెట్టెడు పంచెలుండాయి. ఆయప్ప నేల మీద మనం కూర్చుని తినాల, పండాల. ఒక తువ్వాల పెడితే ఏం పోతాది?"

ఏం పోతుందో చెప్పలేక తాత మర్నాడు ఆనేకల్ బస్సెక్కాడు, సొన్నప్పను పిలుస్తానని. బస్టాండులో దిగాడు. వేడివేడిగా రెండు దోసెలు తిన్నాడు, కాఫీ తాగాడు. రాచెల్ టీచరమ్మ రాసిచ్చిన అడ్రసు చీటీ జేబులోంచి తీయనేలేదు. తిరుగు బస్సెక్కి వచ్చేశాడు. ఇంట్లోకి వస్తూ ముఖం వీలైనంత దిగులుగా పెట్టుకున్నాడు.

"పోయినాడంట" అన్నాడు.

"అయ్యో! ఎప్పుడు?"

"శివరాత్రికి."

అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేల మీద ఒక మూల దీపం వెలిగించి, చూడని సొన్నప్పకు దండం పెట్టింది. తాత కూడా పెట్టాల్సి వచ్చింది.

ముహూర్తం రోజు వచ్చింది. ఆవు లోపలికి రావడానికి మొండికేసింది. నేల మీద మెరుపు చూసి గుమ్మంలోనే కాళ్ళు తన్నిపట్టి నిలబడితే, గోనెసంచులు పరిచి నడిపించారు. "ఆవుక్కూడా నేలే కనపడిందే" అని ఎవరో నవ్వారు. తాత పళ్ళు బిగించాడు. పోనీ, ఇంకో అరగంట. పాలు పొంగాయి. పూజారి పంచె, తువ్వాల పళ్ళెంలో పెట్టి, "మేస్త్రీని పిలవండప్పా" అన్నాడు. పీట వేశారు. తాత మీసం సవరించుకుని లేచాడు.

అప్పుడే అశ్వత్థప్ప గుమ్మంలోకి వచ్చాడు. వెంట, డెబ్బై ఐదేళ్ళ సన్నటి ముసలాయన, చేతిలో కర్ర.

"మైసూరు నుంచి వస్తా, ఆనేకల్‌లో ఆగి ఈయప్పను కూడా పిలుచుకొచ్చినానమ్మా. నువ్వు ఫోన్లో అంత అడిగితివి గదా. ఈయనే సొన్నప్ప."

అవ్వ ముసలాయన్ను చూసింది. దీపం పెట్టిన మూల చూసింది. నిదానంగా మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, శివరాత్రికి పోయినాయప్ప కర్ర పట్టుకోని నడిచొస్తా ఉండాడే!"

ఎక్కడైనా బీటలిస్తే అందులో దూరిపోదామని తాత కిందికి చూశాడు. ఆ నేల బీటలివ్వదు గదా.

ముసలాయనకు విషయం అర్థమైంది. పళ్ళులేని నోటితో నవ్వాడు. "శివరాత్రికి జ్వరమొచ్చిన మాట నిజమేనమ్మా. ఆయప్ప రవ్వంత తొందరపడినాడు."

జనం గొల్లుమన్నారు. పూజారి సొన్నప్పను పీట దగ్గరికి రమ్మన్నాడు. ఆయన కదలలేదు.

"నేను నేల మటుకే వేసినా సామీ. ఇంటికి మేస్త్రీ ఆయప్ప. కూర్చోనీ" అన్నాడు. అని, చెప్పులు విప్పిన పాదాలతో నేలను తడుముతున్నట్టు వంటింటి గుమ్మం దాకా నడిచి, అక్కడ మెల్లగా గొంతుకూర్చుని గోటితో తట్టాడు.

"ఇదో, ఇక్కడ చెడిపోయింది. ఆ పొద్దు అశ్వత్థప్పగారి తల్లి కాఫీకి పిలిస్తే పోయినా. వచ్చేలోపల ఈ అంచు బిగుసుకునేసింది. ఎంత రుద్దినా కలవలేదు. ముప్పై రెండేండ్లాయె, కాఫీ తాగినప్పుడంతా గుర్తొస్తాది."

తాత పీట దగ్గర నుంచి ఒక్క అంగలో అక్కడికి చేరాడు. వంగి చూశాడు. ఏమీ కనపడలేదు. ముసలాయన తాత వేలు పట్టుకుని ఆ చోట ఆనించాడు. వేలెడంత పొడుగు గీత, దారం కంటే సన్నం, చూపుకు అందదు, వేలికి మాత్రం అందుతుంది. రసమట్టం, గోలీ, బిందెడు నీళ్ళు, చెంప ఆనించడం, ఇన్ని చేసి మూడు నెలలు వెతికితే దొరకనిది! గడిచిన మూడు నెలల అసూయ ఆ క్షణంలో తాతకు చిన్నపిల్లల ఆటలా అనిపించింది. ఇంతకాలం నేలను చూసి కుళ్ళుకున్నాడు. ఇప్పుడు ఈ మనిషిని చూసి కుళ్ళుకోవాల్సి వచ్చింది. తన పనిలో తప్పు తానే పదిమందిలో చూపించి, ఏమీ పోనట్టు నిలబడ్డాడు మనిషి. తాను కోళ్ళను హంసలంటున్నాడు.

పీట ఖాళీగానే ఉంది. ఎవరూ తాతను కూర్చోవద్దని ఆపడం లేదు.

"నువ్వు కూర్చో అన్నా" అన్నాడు తాత. "నువ్వు కూర్చోకపోతే మా ఆడమనిషి నన్ను ఈ ఇంట్లో ఉండనీదు."

సొన్నప్ప కూర్చున్నాడు. తాత తన చేత్తోనే బొట్టు పెట్టి, పంచె ఒళ్ళో పెట్టి, తువ్వాల భుజాన వేశాడు. ఆ తువ్వాల అంచు మంచి జరీది, తనకోసమని చిక్కపేట బట్టలంగళ్ళలో తానే ఏరి తెచ్చుకున్నది. వేస్తూ వేస్తూ ఒకసారి దాన్ని వేళ్ళతో నలిపి చూసుకున్నాడు. అంతలోనే ముసలాయన రెక్క పట్టుకుని లేపి, భోజనాలకు కూడా ఆగకుండా వెనక రూముకు తీసుకుపోయి, తానే చాప లాగేశాడు.

సొన్నప్ప ఒక తెల్లమచ్చను బొటనవేలితో రుద్ది చూశాడు. "సాయంత్రానికే రుద్దేది ఆపి చేయి తీసేసినావా?"

"ఊఁ."

"పగలగొట్టు. రేపు మొదలుపెడదాం. కాఫీ మటుకు లోపలికే తెచ్చియ్యమను."

తొమ్మిది రోజులు ఉన్నాడాయన. వెనక రూము నేల బాగానే వచ్చింది. పడసాల నేలంత కాదు. ఆ సంగతి తాతకే అందరికంటే ముందు తెలుసు. బెంగళూరు పెరిగి, చుట్టూ అద్దాల మేడలు వచ్చాక కూడా, ఇంటికి ఎవరు వచ్చినా వాళ్ళు నేలను పొగడడానికి నోరు తెరిచేలోపల తాత వాళ్ళ మణికట్టు పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి లాక్కుపోయేవాడు. "ఇక్కడ వేలు పెట్టి చూడప్పా, ఇక్కడ. తప్పు దొరికిందా?" అనేవాడు. వాళ్ళు పాపం గొంతుకూర్చుని, తడిమి తడిమి చూసి, ఏమీ దొరక్క, "ఎంత నునుపుగా ఉందండీ!" అంటూ లేచేవారు.