కుడి చేతి కుట్టు

దర్జీ డయాలసిస్‌కు కూడా మెడలో టేపుతోనే వెళ్తాడు. టేపు కింద, కాలర్ చాటున, మెడ కుడివైపున రక్తశుద్ధి కోసం పెట్టిన గొట్టం ఉంటుంది. దానివల్ల లోపలి రక్తనాళం సన్నబడొచ్చనీ, ఆ వైపు చెయ్యి వాస్తే వెంటనే చెప్పమనీ నర్సు మొదటిరోజే చెప్పింది. ఆయన రోజూ పొద్దున్నే కుడిచెయ్యి కొలుచుకుంటాడు. కొలత పెరిగితే, భార్య కంటపడకుండా చొక్కా కుడిచేతి కుట్టు విప్పి, కాస్త వదులుచేసి మళ్లీ కుడతాడు. చొక్కా పట్టిందంటే ఆ పూటకు గుండె కుదుటపడుతుంది.

ఇవాళ బీపీ చూడబోతూ నర్సు ఆగింది. "ఏంటి బాబాయ్, చొక్కాకి ఒక చెయ్యి వెడల్పు, ఒకటి సన్నం? మీరు కుట్టిందేనా?"

"పాతబట్టమ్మా, సాగింది."

ఆమె ఆయన మెడలోని టేపు తీసి కుడిచేతికి చుట్టింది. ఆమె అంకె చూడకముందే ఆయన తలవంచుకుని అన్నాడు.

"రెండంగుళాలు పెరిగింది. ఇంక విప్పడానికి కుట్టులో బట్ట లేదమ్మా."